నవ్వని మనిషి నడిపిన రైలుబండి

1926వ సంవత్సరం జూలై 23వ తేదీ. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం. కాటేజ్ గ్రోవ్ అనే చిన్న ఊరు. చుట్టూ అడవులు, కలప కోసే మిల్లులు. అంతకు మించి ఆ ఊరికి చెప్పుకోదగ్గ ప్రతిష్ఠ లేదు. ఆనాడు మాత్రం ఊరికి ఊరే సెలవు తీసుకుంది. అంగళ్ళు మూతపడ్డాయి. మూడు నాలుగు వేలమంది జనం, పిల్లాజెల్లాతో సహా, మన ఊళ్ళలో రథోత్సవానికి కదిలినట్టు కదిలి రో నది ఒడ్డుకు చేరుకున్నారు.

నదిమీద కొత్తగా కట్టిన కర్రవంతెన ఒకటి ఉన్నది. దాని దూలాలు ముందే సగం సగం కోసి ఉంచారు. ఆరు కెమేరాలు సిద్ధంగా ఉన్నాయి. వంతెనకు నిప్పు పెట్టారు. మంటలు లేస్తుండగా పాతకాలపు ఆవిరి ఇంజను ఒకటి పొగ చిమ్ముకుంటూ నెమ్మదిగా వంతెనమీదికి వచ్చింది. నడిమికి వచ్చేసరికి వంతెన ఫెళఫెళా విరిగింది. ఇంజను తలకిందులుగా నదిలో కూలిపోయింది. ఆవిరి, పొగ, నీళ్ళు ఏకమై పైకి లేచాయి. ఒడ్డున ఉన్నవారిలో కొందరు కెవ్వున కేకవేశారు. ఇంజనులో డ్రైవరు కూర్చుని ఉండగా కళ్ళారా చూశారు మరి!

పాపం, వారిని తప్పు పట్టడానికి లేదు. ఆ డ్రైవరు గడ్డి కుక్కిన బొమ్మ అని దూరాన ఉన్నవారికి ఎలా తెలుస్తుంది?

ఈ ఒక్క షాటుకు అయిన ఖర్చు 42 వేల డాలర్లు. మూకీ చిత్రాల కాలం మొత్తంలో ఒకే ఒక్క షాటుకు ఇంత సొమ్ము పోసినవారు మరొకరు లేరని సినిమా చరిత్రకారులు చెబుతారు. మొదటిసారి సరిగా రాకపోతే రెండోసారి తీయడానికి వీల్లేదు. ఇంజను ఒక్కటే, వంతెన ఒక్కటే. ఇంత ఆర్భాటమూ ఏ మహాభారత గాథకో కాదు సుమండీ. జనాన్ని కడుపుబ్బ నవ్వించవలసిన హాస్యచిత్రానికి! ఆ చిత్రం పేరు ‘ది జనరల్’. తీసినవాడు, నటించినవాడు, క్లైడ్ బ్రక్‌మన్‌తో కలిసి దర్శకత్వం వహించినవాడు బస్టర్ కీటన్.

చాప్లిన్ పేరు మన ఇళ్ళలో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఆయనకు దీటుగా నిలిచిన కీటన్ పేరు అంతగా తెలియదు. 1895లో కాన్సాస్ రాష్ట్రంలో పుట్టాడు. తల్లిదండ్రులు ఊరూరా తిరిగి ఆడే రంగస్థల నటులు. తండ్రి ఆ పసివాణ్ణి వేదికమీద బంతిలా విసిరేవాడు. కుర్రవాడు పడి, లేచి, ముఖం బిగించుకుని నిలబడేవాడు. తాను నవ్వితే ప్రేక్షకులు నవ్వడం లేదని చిన్ననాడే కనిపెట్టాడు. ఇక తెరమీద ఆ ముఖం నవ్విన పాపాన పోలేదు. లోకం అతనికి రాతిముఖం అని పేరు పెట్టింది.

నిజంగా జరిగిన దొంగతనం

‘ది జనరల్’ కథ గాలిలోంచి పుట్టలేదు. 1861 నుంచి 1865 వరకు అమెరికాలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం జరిగింది. 1862 ఏప్రిల్ 12న దక్షిణాది రాష్ట్రమైన జార్జియాలో, బిగ్ షాంటీ అనే స్టేషనులో ఒక పాసింజరు బండి ఆగింది. బండి సిబ్బందీ ప్రయాణీకులూ ఉదయపు ఫలహారానికి దిగారు. జేమ్స్ ఆండ్రూస్ అనే ఉత్తరాది గూఢచారి, మామూలు దుస్తులు వేసుకున్న సుమారు ఇరవైమంది అనుచరులతో, ఇంజనుతోపాటు మూడు పెట్టెలు తగిలించుకుని ఉడాయించాడు. దారిపొడుగునా పట్టాలు పీకి, టెలిగ్రాఫు తీగలు తెంపి, వంతెనలు కాల్చి, దక్షిణ సైన్యానికి సామగ్రి అందకుండా చేయాలని వారి పన్నాగం. ఆ ఇంజను పేరే ‘జనరల్’.

ఆ బండి కండక్టరు విలియం ఫుల్లర్. తన బండి తన కళ్ళముందే వెళ్ళిపోతుంటే పట్టాలవెంట కాలినడకన పరుగెత్తాడు. రైలు వెంట మనిషి పరుగు! తరవాత తోపుడు ట్రాలీ దొరికింది. ఆపైన ఒకదాని తరవాత ఒకటిగా మూడు ఇంజన్లు దొరికాయి. చివరిదైన ‘టెక్సాస్’ను తిప్పే వ్యవధి లేక వెనక్కి వెనక్కి నడుపుతూనే తరిమాడు. సుమారు 87 మైళ్ళు పోయాక ‘జనరల్’ కట్టెలు, నీళ్ళు అయిపోయి ఆగిపోయింది. అందులోనివారంతా పట్టుబడ్డారు. ఆండ్రూస్‌నూ మరో ఏడుగురినీ ఉరితీశారు. బతికి బయటపడినవారిలో కొందరికి అమెరికా ప్రభుత్వం ‘మెడల్ ఆఫ్ ఆనర్’ ఇచ్చింది. ఆ పతకం ఎవరికైనా దక్కడం అదే మొదలు. వారిలో ఒకడైన విలియం పిట్టెంజర్ ఈ ఉదంతమంతా పుస్తకంగా రాశాడు. ఆ పుస్తకాన్ని 1926లో బ్రక్‌మన్ తెచ్చి కీటన్ చేతిలో పెట్టాడు.

కీటన్‌కు రైళ్ళంటే చిన్ననాటినుంచీ పిచ్చి. ఉరికంబాల దగ్గర ముగిసే ఈ కథలో అతనికి ముందుగా కనిపించింది పట్టాలవెంట పరుగెత్తే ఒంటరి మనిషి.

సైన్యానికి పనికిరాని సారథి

పుస్తకం ఉత్తరాదివారి వైపునుంచి రాసినది. కీటన్ కథను తిరగేశాడు. ఇంజను పోగొట్టుకున్న దక్షిణాది డ్రైవరును నాయకుణ్ణి చేశాడు. ఓడిపోయినవారిని దుర్మార్గులుగా చూపితే ప్రేక్షకులు సహించరని ఆయన వాదన. అయితే దక్షిణాది ఆ యుద్ధం చేసింది బానిసల వ్యవస్థను నిలుపుకోవడానికన్న సంగతి చిత్రంలో ఎక్కడా ప్రస్తావనకు రాదు. నేటి ప్రేక్షకుడికి ఆ మౌనం ముల్లులా తగులుతుంది. తగలవలసిందే.

ఇక కథ. జానీ గ్రే అనే డ్రైవరుకు ఇద్దరంటే ప్రాణం. ఒకటి అతని ఇంజను, రెండు అన్నబెల్ లీ అనే అమ్మాయి. యుద్ధం రాగానే సైన్యంలో చేరడానికి అందరికన్నా ముందు పరుగెత్తాడు. కాని అధికారులు చేర్చుకోలేదు. సిపాయిగాకన్నా డ్రైవరుగానే అతని అవసరం ఎక్కువని వారి లెక్క. అయితే ఆ ముక్క అతనికి చెప్పరు! పిరికివాడని అనుకుని అన్నబెల్ ముఖం తిప్పుకుంటుంది. సైనిక దుస్తులు వేసుకుంటేనే మాట్లాడమంటుంది.

తెలుగువారికి ఇక్కడ విరాటపర్వం గుర్తుకు రావాలి. అంతఃపురంలో ప్రగల్భాలు పలికిన ఉత్తరకుమారుడు కౌరవసేనను చూడగానే రథం దిగి పారిపోతాడు. సారథిగా వచ్చిన బృహన్నలే అసలు వీరుడని అప్పుడు తెలుస్తుంది. జానీ కూడా అలాటి సారథే. కాకపోతే అతను వీరుడన్న సంగతి లోకానికే కాదు, అతనికే తెలియదు!

చరిత్రలో తరుముడు ఒక్కటే. కీటన్ దాన్ని రెండు చేశాడు. ముందు జానీ శత్రువులను తరుముతాడు. శత్రువుల శిబిరంలో చిక్కిన అన్నబెల్‌నూ ఇంజనునూ విడిపించుకుని తిరిగి వస్తుంటే శత్రువులు అతణ్ణి తరుముతారు. వెళ్ళేటప్పుడు తనమీద ప్రయోగించిన ఎత్తులనే వచ్చేటప్పుడు అతను వారిమీద ప్రయోగిస్తాడు. చక్కని పద్యంలో యతిలాగా మొదటి సగంలో వేసిన ప్రతి చమత్కారానికీ రెండో సగంలో జవాబు పడుతుంది.

‘మా ఇంజను ఇవ్వం!’

అసలు ‘జనరల్’ ఇంజను ఆ రోజుల్లో టెనెసీ రాష్ట్రంలోని చటనూగా స్టేషనులో ప్రదర్శనకు ఉండేది. దానితోనే చిత్రం తీయాలని కీటన్ కోరిక. కాని తీసేది హాస్యచిత్రమని తెలిసేసరికి పాతయోధుల కుటుంబాలవారు కోపగించారు. మా పెద్దల త్యాగం మీకు వేళాకోళమా అన్నారు. రైల్వేవారు ఇంజను ఇవ్వమన్నారు. (ఆ ఇంజను 1972నుంచి, ఒకనాటి బిగ్ షాంటీ అయిన కెన్నెసా పట్టణంలో, మ్యూజియంలో ఉన్నది.)

అప్పుడు కీటన్ మనుషులు దేశమంతా గాలించి కాటేజ్ గ్రోవ్ పట్టుకున్నారు. అక్కడ కలప మోసే రైలుమార్గం ఉన్నది. పాత పట్టాలు, చుట్టూ అడవి. ఒక దారిలో బండి పోతుంటే పక్క దారిలో కెమేరా బండి పోవడానికి వీలు. పాత ఇంజన్లు మూడు సంపాదించి అంతర్యుద్ధకాలపు రూపం ఇచ్చారు. పద్దెనిమిది గూడ్సు పెట్టెలనిండా సరంజామా దిగింది. మాథ్యూ బ్రేడీ తీసిన ఆనాటి యుద్ధ ఛాయాచిత్రాలు ముందు పెట్టుకుని టోపీలు, గుడారాలు, ఫిరంగులు అచ్చంగా అలాగే ఉండేట్టు చూశారు. ‘చరిత్రలో ఉన్నట్టే ఉండాలి’ అన్నది కీటన్ పట్టుదల. జూన్‌లో చిత్రీకరణ మొదలయింది. ఆదివారాలు మాత్రం సినిమావారూ ఊరివారూ కలిసి బేస్‌బాల్ ఆడుకునేవారు. కీటన్‌కు అదొక వ్యసనం.

ఒకే దండు, రెండు సైన్యాలు

యుద్ధానికి సైన్యాలు కావాలి కదా! ఆరెగాన్ నేషనల్ గార్డు దళంనుంచి అయిదువందలమందిని తెచ్చారు. నీలి దుస్తులు వేయించి వారిని ఒక దిక్కునుంచి నడిపించారు. వారు ఉత్తరసేన. తరవాత వారికే బూడిదరంగు దుస్తులు తొడిగి ఎదురు దిక్కునుంచి నడిపించారు. వారే దక్షిణసేన! తమమీదికి తామే దండెత్తిన సైనికులు చరిత్రలో వీరేనేమో.

ఈ సైన్యాలతో కీటన్ తీసిన ఒక దృశ్యం చూడవలసిందే కాని చెప్పనలవి కాదు. జానీ ఇంజను వెనక కట్టెల బండిలో నిలబడి దించిన తల ఎత్తకుండా కట్టెలు కొడుతుంటాడు. అతని వెనక దక్షిణసేన మొత్తం వెనుదిరిగి పోతుంది. ఆ వెంటనే ఉత్తరసేన మొత్తం ముందుకు వస్తుంది. రాజ్యాలు తారుమారవుతున్నాయి. మనవాడికి కట్టెలే ప్రపంచం. తల ఎత్తి చూసేసరికి శత్రుదేశంలో ఉన్నాడు!

కీటన్‌కు సైన్యం సంగతి వినికిడి కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో 1918లో అతణ్ణి సైన్యంలోకి పిలిచి ఫ్రాన్సుకు పంపారు. అక్కడి చలికీ తేమకూ చెవికి జబ్బుచేసి వినికిడి కొంత పోయింది. పెద్దలు పెద్ద లెక్కలు వేసుకుంటుంటే తన చిన్న పనిలో తాను మునిగి ఉండే సామాన్యుణ్ణి అతను ఎరుగును.

ప్రాణంతో చెలగాటం

అన్నబెల్ కాదన్నాక జానీ దిగాలుగా వెళ్ళి, ఇంజను చక్రాలను కలిపే పెద్ద ఇనుప కడ్డీమీద కూర్చుంటాడు. ఇంతలో ఇంజను కదులుతుంది. కడ్డీ పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. దానితోపాటే జానీ కూడా. దుఃఖంలో ఉన్నవాడికి ఆ సంగతే తెలియదు. ప్రేక్షకులకు నవ్వు వస్తుంది, గుండెలో ఎక్కడో కలుక్కుమంటుంది కూడా.

ఆ దృశ్యం వెనక ఉన్న ప్రమాదం రైలు నడిపేవారికే తెలుసు. ఆగి ఉన్న ఆవిరి ఇంజనుకు ఒక్కసారిగా ఆవిరి ఎక్కువైతే చక్రాలు ముందుకు పోకుండా ఉన్నచోటనే గిర్రున తిరుగుతాయి. అప్పుడు కడ్డీమీద మనిషి ఉంటే మిగలడు. ఇంజను నడిపే ఆయన మొదట జంకాడట. చివరికి కీటన్ బతిమాలగా, చెయ్యి వణకకుండా ఆవిరి కొద్దికొద్దిగా వదిలి షాటు పూర్తిచేశాడు.

ఇంకొకచోట పట్టాలమీద శత్రువులు పెద్ద దుంగలు పడవేస్తారు. కీటన్ ఇంజను ముందుండే చట్రంమీద ఒక దుంగను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, బండి కదులుతుండగానే ఆ దుంగను రెండో దుంగమీదికి విసురుతాడు. రెండూ ఎగిరి పక్కకు పడతాయి. గురి తప్పితే బండి పట్టాలు తప్పుతుంది. బొమ్మలు పెట్టడం, వేరే మనిషిని పెట్టడం, కెమేరాతో కనికట్టు చేయడం కీటన్‌కు గిట్టవు. ఫిరంగి గుండు ఎగిరివచ్చి నేరుగా తన ఇంజను గదిలో పడే దృశ్యంలో గుండు సరిగ్గా అంతదూరమే రావడానికి తుపాకిమందు పలుకులను పట్టకారుతో లెక్కపెట్టి వేశాడని చెబుతారు.

నాయిక మేరియన్ మాక్‌నూ ఆయన సుఖపెట్టలేదు. గోనెసంచిలో కట్టి సామాన్లతోపాటు బండిలోకి ఎత్తించాడు. ముందు చెప్పకుండా నీళ్ళలో తడిపించాడు. చిత్రంలో ఒక ముచ్చట ఉన్నది. శత్రువులు వెంటబడి వస్తుంటే జానీ ఇంజనుకు కట్టెలు అందించమంటాడు. అన్నబెల్ ఒక కట్టెముక్క తీసి, దానికి కన్నం ఉన్నదని బాగులేదంటూ పారేస్తుంది! తీరిగ్గా చీపురు తీసుకుని ఇంజను గది ఊడుస్తుంది. జానీ చిన్న పుల్ల చేతికిస్తే దాన్ని భద్రంగా పొయ్యిలో వేస్తుంది. అతనికి ఒళ్ళుమండి గొంతు పట్టుకుంటాడు. పట్టుకున్నవాడు పిసకలేక ముద్దు పెట్టుకుంటాడు. సంసారం చేసినవారెవరికీ ఈ దృశ్యానికి వ్యాఖ్యానం అక్కరలేదు.

కట్టెలతో నడిచే ఆ ఇంజన్లనుంచి నిప్పురవ్వలు ఎగిరి రైతుల గడ్డివాములూ పొదలూ తరచు అంటుకునేవి. నష్టపరిహారం ఇవ్వడం నిత్యకృత్యమైపోయింది. జూలై చివర యుద్ధదృశ్యాలు తీస్తుంటే అడవే అంటుకుంది. నేషనల్ గార్డు సైనికులు ఒంటిమీది కోట్లు విప్పి మంటలను కొట్టారు. ఆ కొట్టేవారిలో కీటన్ కూడా ఉన్నాడు. మంటలు ఆరినా పొగ వదలలేదు. చిత్రీకరణ ఆపి, వానలు పడి ఆకాశం తేటపడ్డాక మళ్ళీ వచ్చి పూర్తిచేశారు. నాలుగు లక్షల డాలర్లు అనుకున్న ఖర్చు ఏడున్నర లక్షలు అయింది.

నవ్వలేకపోయిన ప్రేక్షకులు

1926 డిసెంబరు 31న టోకియోలోనూ, 1927 ఫిబ్రవరి 5న న్యూయార్కులోనూ చిత్రం విడుదలయింది. విమర్శకులు పెదవి విరిచారు. కథ నిడివి ఎక్కువన్నారు, హాస్యం తక్కువన్నారు. అమెరికాలో వసూళ్ళు అయిదు లక్షల డాలర్లయినా దాటలేదు.

అన్ని విమర్శలలోకీ ఆలోచింపజేసేది రాబర్ట్ షెర్వుడ్ చేసినది. యుద్ధంలో మనుషులు చచ్చిపోతుంటే చూసి నవ్వడం కష్టమన్నాడాయన. చిత్రం చివరి యుద్ధంలో జానీ ఫిరంగి దగ్గర నిలబడి ఆజ్ఞలిస్తుంటాడు. అతని పక్క సైనికులు ఒక్కొక్కరే ఎవరో మాటువేసి కొట్టిన దెబ్బకు కూలిపోతుంటారు. ఎందుకు పడిపోతున్నారో జానీకి అర్థం కాదు. చివరికి అతని కత్తి పిడినుంచి ఊడి ఎగిరిపోయి ఆ మాటువేసినవాడికే గుచ్చుకుంటుంది. నవ్వాలా, ఊరుకోవాలా?

మన ఆలంకారికులు హాస్యానికి కరుణం, భయానకం విరోధి రసాలన్నారు. ఆ లెక్కన షెర్వుడ్ మాట శాస్త్రసమ్మతమే. విరాటపర్వంలో సైతం నవ్వు అంతా బాణం పడకముందే. ఆనాటికి మొదటి ప్రపంచయుద్ధం ముగిసి ఎనిమిదేళ్ళు దాటి కొద్ది నెలలే అయింది. కొడుకులను పోగొట్టుకున్న తల్లిదండ్రులు హాలులో కూర్చుని ఉంటారు. గుడారాలూ తుపాకులూ అట్టముక్కల్లా కనిపిస్తే వారు హాయిగా నవ్వేవారే. కీటన్ వాటిని బ్రేడీ ఛాయాచిత్రాల్లో ఉన్నంత నిజంగా చూపించాడు. నిజమైన ఇంజను నిజమైన నదిలో పడితే గుండె ఝల్లుమనడం ముందు, నవ్వు తరవాత.

కాని కాలం గడిచినకొద్దీ చిత్రాన్ని నిలబెట్టింది కూడా ఆ నిజమే. అట్టముక్కలతో తీసిన హాస్యాలు వాటి రోజులతో పోయాయి. కాలే వంతెనమీదికి బండిని పొమ్మని ఆజ్ఞాపించిన సేనాని, ఇంజను కూలిపోయాక గుడ్లప్పగించి చూసే చూపు నేటికీ పాతబడలేదు. ఎక్కడో కూర్చుని ఆజ్ఞలిచ్చి, ఎవరి ప్రాణాలో పోయాక బిత్తరపోయే పెద్దమనుషులు ప్రతి యుద్ధంలోనూ ఉన్నారు కనుక.

మూల్యం చెల్లించినది ఎవరు?

‘ది జనరల్’ తరవాత కీటన్ సొంతంగా ఎక్కువ చిత్రాలు తీయలేకపోయాడు. అతని నిర్మాత జోసెఫ్ షెంక్ సలహామీద 1928లో మెట్రో గోల్డ్విన్ మేయర్ అనే పెద్ద స్టూడియోలో జీతగాడుగా చేరాడు. వెళ్ళవద్దని చాప్లిన్ హెచ్చరించాడు. తన జీవితంలో అంతకన్న పెద్ద పొరపాటు లేదని తరవాత కీటనే ఒప్పుకున్నాడు. అక్కడ ప్రతి హాస్యమూ ముందుగా కాగితంమీద రాయాలి, పైవారు ఒప్పుకోవాలి. నదిలో ఇంజను పడవేసినవాడికి కుర్చీ జరపడానికి కూడా అనుమతి కావలసివచ్చింది. తాగుడు పట్టుకుంది. సంసారం చెదిరింది. 1933లో స్టూడియోవారు పంపించివేశారు. కొన్నాళ్ళకు అదే స్టూడియోకు వచ్చి, చిన్న జీతంమీద ఇతర నటులకు చమత్కారాలు కల్పించి ఇస్తూ బతికాడు.

నదిలో పడ్డ ఇంజను కూడా చాలాకాలం అక్కడే తుప్పుపట్టింది. ఆ చుట్టుపక్కలవారికి అదొక వింత. రెండో ప్రపంచయుద్ధంలో ఇనుము కరువై దాన్ని పైకి తీసి తుక్కు కింద తరలించారు. ఒక యుద్ధాన్ని నవ్వుతూ చూపిన బండి మరో యుద్ధానికి ముడిసరుకయింది.

కీటన్ అదృష్టం ఇంజను అదృష్టంకన్న కొంచెం మెరుగు. 1949లో విమర్శకుడు జేమ్స్ ఏజీ మూకీ హాస్యచిత్రాలను గురించి పెద్ద వ్యాసం రాసి అతణ్ణి మళ్ళీ లోకం దృష్టికి తెచ్చాడు. పాత చిత్రాలు వెలికివచ్చాయి. 1965లో వెనిస్ చిత్రోత్సవంలో సభ యావత్తూ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మరుసటి సంవత్సరం ఫిబ్రవరి 1న, డెబ్బయ్యో ఏట, ఆయన కన్నుమూశాడు. తాను తీసినవాటిలో తనకు అన్నిటికన్న గర్వకారణం ‘ది జనరల్’ అని ఆయన చెబుతూ ఉండేవాడు. 1972లోనూ 1982లోనూ ప్రపంచ విమర్శకులు ఎన్నిన పది ఉత్తమ చిత్రాలలో అది చోటు చేసుకుంది. 1989లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చిన మొట్టమొదటి పాతిక చిత్రాలలో అదీ ఒకటి.

ఈనాడు ఆ చిత్రం చూడడానికి పెద్ద ప్రయాస అక్కరలేదు, ఇంట్లో కూర్చునే చూడవచ్చు. మాటలు లేవు కనుక భాష రాని బామ్మగారికీ, చదువురాని పసివాడికీ ఒక్కలాగే అర్థమవుతుంది. ఇంజను మీద మోజున్న పిల్లలైతే కళ్ళార్పరు. చివరి దృశ్యం మాత్రం పెద్దలు శ్రద్ధగా చూడాలి. జానీకి సైన్యంలో లెఫ్టినెంటు హోదా వస్తుంది, అన్నబెల్ దక్కుతుంది. ఇంజను కడ్డీమీద ఇద్దరూ కూర్చుంటారు. ముద్దు పెట్టుకోబోతే ఒక సిపాయి వచ్చి సలాము కొడతాడు. అధికారి కనుక తిరిగి సలాము కొట్టాలి. ఇంకొకడు వస్తాడు. ఆ వెనక దండు దండే వస్తున్నది! జానీ కాస్త ఆలోచించి, అన్నబెల్ అటువైపుకు జరిగి కూర్చుంటాడు. ముద్దు ముద్దే, కుడిచెయ్యి మాత్రం వచ్చేపోయేవారికి వరసగా సలాములు కొడుతూనే ఉంటుంది. ముఖంమీద నవ్వు మటుకు లేదు.